నిలువు గీత

మూడు అట్టలూ అనంతలక్ష్మి ఒళ్ళోనే ఉన్నాయి. చిన్నప్పుడు పరీక్షలకి పట్టుకెళ్ళేలాంటి అట్టలే, పైన ఇనప క్లిప్పు, క్లిప్పుకి దారం, దారం చివర పెన్ను. ఒకటి తనది, ఒకటి పదమూడేళ్ళ కూతురు నీహారికది, ఒకటి భర్త దామోదర్‌ది. దామోదర్ తల్లీకూతుళ్ళని కింద మెట్ల దగ్గర దింపి, పార్కింగ్ చూసుకుని వస్తానని కారు తీసుకెళ్ళి అరగంటయింది. శనివారం పూట ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద పార్కింగ్ దొరకడమంటే మాటలు కాదు, అందులోనూ ఈ రెండువేల ఏడు జూలైలో. చీరల కొట్టు పైన రెండు గదుల్లో ఉండే ఈ డాక్టరు గ్రీన్‌కార్డ్ మెడికల్ చేస్తాడని తెలిశాక న్యూజెర్సీ తెలుగువాళ్ళు సగం మంది ఇక్కడికే వచ్చిపడినట్టున్నారు. ఏళ్ళ తరబడి మూసి ఉన్న గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ల వరస నెల మొదట్లో కదులుతుందన్నారు, తీరా ఆ రోజు రాగానే లేదు పొమ్మన్నారు, దేశమంతా గోలయ్యాక పదిహేడో తారీఖున సరే రమ్మన్నారు, ఆగస్టు పదిహేడు దాకా గడువిచ్చారు. ఈలోగా ఫొటోలు, పుట్టిన సర్టిఫికెట్లు, టీకాలు, సీలు వేసిన డాక్టరు కవరు. కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు, ఇంకొందరు మెట్ల మీద. ఒకాయన ఎడమ చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, టీబీ పరీక్షకి సూది వేసిన చోట ఉబ్బిందా లేదా అని పక్కవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. గోకొద్దన్నారండీ, గోకితే పాజిటివ్ వచ్చినట్టు కనపడుతుందట, అని ఎవరో హెచ్చరిస్తున్నారు. కింద కొట్లోంచి కొత్త చీరల గంజి వాసన, పక్క హోటల్లోంచి సాంబారు వాసన మెట్లెక్కి వచ్చి స్పిరిట్ వాసనలో కలుస్తున్నాయి.

ఆమె దామోదర్ ఫారం ముందు తీసింది. పదిహేనేళ్ళుగా అతని ఫారాలన్నీ ఆమే నింపుతుంది. అతని పాస్‌పోర్ట్ నంబరు ఆమెకి నోటికొచ్చు, తన నంబరు మాత్రం ప్రతిసారీ చూసి రాయాలి. పుట్టిన ఊరు, తల్లి పుట్టింటి పేరు, చిన్నప్పుడు తట్టు వచ్చిందా, ఆపరేషన్లేమైనా జరిగాయా. వంకాయ పడదంటాడు గానీ అది ఫారంలో రాసే సంగతి కాదు. రెండో పేజీలో రెండు వరసల గళ్ళు, ఎస్ ఒక వరస, నో ఒక వరస. టీబీ. గుండె జబ్బు. మూర్ఛ. కుష్ఠు. మత్తుమందులు. గళ్ళు ఒకదాని కింద ఒకటి ఇరవై రెండు ఉన్నాయి. పక్క కుర్చీలో ఉన్న అమ్మాయి ఆ గళ్ళ కేసి ఒక్కసారి చూసి, నో వరసలో మొదటి గడి మీద పెన్ను పెట్టి చివరి గడి దాకా ఒకటే నిలువు గీత లాగేసింది. ఆ చప్పుడు అనంతలక్ష్మికి వినపడింది, సర్రుమని. ఆ తర్వాత చెవి పెట్టి వింటే గదంతా అదే చప్పుడు. ఒకరి తర్వాత ఒకరు, సర్రు, సర్రు. ఎవరూ ఒక్కో ప్రశ్న చదివి ఒక్కో టిక్కు పెట్టడం లేదు.

"ఒకటే గీత కొట్టిన అక్కా," అంది ఆ అమ్మాయి, ఆమె చూపు కనిపెట్టి. పేరు రేష్మ అని ఇందాకే చెప్పింది, కరీంనగర్ పక్కన ఊరు, పెళ్ళయి రెండేళ్ళు, భర్త కింద లైన్‌లో బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ తీయిస్తున్నాడు. "మా ఆయన చెప్పిండు. చదవకు, చదివితే లేనిపోని డౌట్లొస్తయ్ అని."

అనంతలక్ష్మి నవ్వింది. నవ్వు రావడానికి కాస్త టైం పట్టింది. ఈ పదకొండు రోజులుగా అన్నిటికీ అలాగే టైం పడుతోంది, ఎవరో మాట్లాడితే ఆ మాట ఒక గాజు పలక అవతల తగిలి, జారి, తర్వాత తన దగ్గరికి వస్తున్నట్టు. తల గబుక్కున తిప్పితే లోపల చిన్న కరెంటు షాకులాంటిది కొడుతోంది. మాత్రలు ఆపేసి పదకొండు రోజులు. దామోదరే ఆపమన్నాడు, పదిహేడో తారీఖు వార్త రాగానే, ఆఫీసునించి ఫోన్ చేసి మరీ. బ్లడ్ టెస్ట్ ఉంటుంది అనంతా, అందులో బయటపడితే అందరి కార్డులూ పోతాయి, పదిహేను రోజులు ఆపితే ఏం కొంప మునగదు. రక్త పరీక్ష దేనికి చేస్తారో ఫారం మీదే రాసి ఉంది, దానికీ తన మాత్రకీ సంబంధం లేదు, ఇంటి డాక్టరమ్మ కూడా అదే చెప్పింది, ఇలాంటి జబ్బుకి ఎవరూ నిన్ను దేశంలోంచి పొమ్మనరని. ఆవిడకి ఇమిగ్రేషన్ సంగతేం తెలుసు, అన్నాడు దామోదర్. అతను నమ్మేది ఇంటర్నెట్‌లో పేరు లేకుండా రాసుకునేవాళ్ళని. అన్నిటికీ నో పెట్టండి ఫ్రెండ్స్ అని ఎవరో రాశాడట, దాని కింద రెండు వందల మంది థాంక్యూ బ్రో అన్నారట.

పదిహేడో నంబరు దగ్గర ఆమె చూపు ఆగింది. మీరు ఎప్పుడైనా డిప్రెషన్‌కి గానీ, ఇతర మానసిక వ్యాధికి గానీ చికిత్స పొందారా. చిన్న అక్షరాలు. దానికి పైన పదహారు చక్కెర జబ్బు గురించి, కింద పద్దెనిమిది గర్భం గురించి. మధ్యలో ఇది, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఎప్పుడైనా అంటే ఎప్పుడు. రెండేళ్ళ క్రితం ఫిబ్రవరి. ఏం జరిగిందీ అని అందరూ అడిగారు, అడిగినవాళ్ళు కొద్దిమందే అనుకో, ఏం జరగలేదు, అదే ఎవరికీ మింగుడుపడలేదు. ఎవరూ పోలేదు, ఎవరూ కొట్టలేదు, ఉద్యోగం ఊడలేదు, ఊడడానికి ఆమెకి ఉద్యోగమే లేదు, ఆ వీసా మీద చెయ్యకూడదు. ఒంగోల్లో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఏడేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పింది. చాక్‌పీస్ పొడి ఎప్పుడూ కుడి చెవి మీద ఉండేదట, పిల్లలు చెప్పుకుని నవ్వేవాళ్ళు. ఆ సంగతి కూడా కారణం కాదు, ఇక్కడికొచ్చాక ఆరేళ్ళు దాంతో బానే బతికింది. ఒకనాడు పప్పులో పోపు పెడదామని ఆవాలు గుప్పిట్లోకి తీసుకుంది. వెయ్యడం ఎలాగో తోచలేదు. చెయ్యి చాచాలి, గుప్పిట విప్పాలి, ఆ రెండు పనులూ కొండంత. నూనె పొగలొచ్చి, పైకప్పుకున్న పొగ అలారం కూతపెట్టి, నీహారిక బాత్రూమ్‌లోంచి పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపేదాకా అలాగే నిలబడింది. పిల్ల తల్లి గుప్పిట ఒక్కో వేలూ విప్పి ఆవాలు తీసింది. అరచేతికి అంటుకుపోయాయి, చెమటకి.

ఆ తర్వాత పదకొండు రోజులు తల దువ్వుకోలేదు. పన్నెండోరోజు పిల్ల దువ్వెన తెచ్చి వెనక కూర్చుంది. అప్పటికి దానికి పదకొండేళ్ళు, చిక్కు తీయడం రాదు, చివర్లనుంచి తియ్యాలని తెలీదు, కుదుళ్ళనుంచి బర్రున లాగింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నొప్పికి కాదు, నొప్పి తెలిసినందుకు. సారీ అమ్మా, సారీ అమ్మా అంటూనే లాగింది, ఆపలేదు. ఇప్పుడదే పిల్ల ఎదురు కుర్చీలో మోకాళ్ళు పైకి పెట్టుకుని దిండంత పుస్తకం చదువుకుంటోంది. మధ్య మధ్య పుస్తకం అంచు మీంచి తల్లిని చూస్తోంది. చూడనట్టు చూడడం ఆ ఫిబ్రవరిలోనే నేర్చుకుంది.

ఆవిడ పేరు ఫలానా అని కూడా తెలుసుకోకుండా వెళ్ళింది అప్పట్లో ఆ ఇంటి డాక్టరమ్మ దగ్గరికి, జలుబని చెప్పి. అరవై దాటిన తెల్లావిడ, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. జలుబు చూసి, ఇంకేమిటీ అంది. ఇంకేం లేదంది అనంతలక్ష్మి. ఆవిడ సొరుగులోంచి తొమ్మిది ప్రశ్నల కాగితం తీసి ఇచ్చింది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉన్నారు. ఎన్ని రోజులు నిద్ర పట్టలేదు, లేదా అతిగా పట్టింది. ఎన్ని రోజులు తిండి సయించలేదు. ఎంత సాదాగా అడిగారో, పాలు ఎన్ని లీటర్లు పోస్తున్నారు అన్నట్టు. అలా అడగొచ్చని ఆమెకి తెలీదు. అన్నిటికీ దాదాపు ప్రతిరోజూ అని రాస్తుంటే ఎవరో తన బరువు ఒక చివర పట్టుకున్నట్టయింది. డాక్టరమ్మ మార్కులు కూడి, దీన్ని డిప్రెషన్ అంటారు, చాలామందికి వస్తుంది, పెద్దవాళ్ళలో పదిమందికి ఒకరు, నా వెయిటింగ్ రూమ్‌లో ఇప్పుడు కూడా ఉన్నారు, అంది. శాంపుల్ ఎంత, ఎంతమందిని అడిగి తేల్చారు, అని అడిగింది అనంతలక్ష్మి. నెలల తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. ఆవిడ కళ్ళజోడు తీసి గట్టిగా నవ్వి, నువ్వు బాగుపడతావు, అంది.

బాగుపడింది కూడా. ఆరు వారాలు పట్టింది. ఒకరోజు చింతపండు పిసుకుతూ ఉంటే వేళ్ళకి పులుపు తెలిసింది. అంతకంటే పెద్ద అద్భుతమేం జరగలేదు. కానీ సీసా మాత్రం దాచుకోవాల్సి వచ్చింది. హ్యాండ్‌బ్యాగ్‌లో నడిచినప్పుడల్లా గలగలమంటోందని, దేవుడి వత్తులకి తెచ్చిన పత్తి ఇంత తీసి సీసాలో కుక్కింది. వీరభద్రరావు గారి గృహప్రవేశంలో భోజనాల దగ్గర పదిమంది ఆడవాళ్ళు కూర్చుని, ఒకరు థైరాయిడ్ గురించి, ఒకరు గర్భసంచి తీయించుకున్న సంగతి, ఒకరు పిత్తాశయంలో రాళ్ళు డాక్టరు సీసాలో వేసి ఇచ్చిన వైనం బిర్యానీ తింటూ చెప్పుకున్నారు. లీలావతిగారు ఆ రాళ్ళ సైజు చెప్పడానికి పళ్ళెంలో జీడిపప్పు కూడా ఎత్తి చూపించింది. మీరేం వాడతారు అనంతా అని అడిగితే, విటమిన్ డి అంది. అయ్యో నేనూ అంతే, అంది లీలావతిగారు. నేనూ అంది ఇంకొకావిడ. ముగ్గురు విటమిన్ డిలు. ఎండ లేని దేశం కదా అని నిట్టూర్చారు అందరూ. ఇప్పుడు తలుచుకుంటే అనుమానం. ఆ ముగ్గురిలో నిజంగా విటమిన్ డి ఎంతమంది. ఆవేళ తను, నాది విటమిన్ డి కాదండీ అని ఉంటే లీలావతిగారు చేతిలో జీడిపప్పు కింద పెట్టి ఏమనేది. తిన్నదరక్క వచ్చే జబ్బు అనేదా. వాకింగ్ చెయ్యి, నానబెట్టిన బాదం తిను, పొద్దున్నే దీపం పెట్టుకో, ఓసారి ఇండియా వెళ్ళొస్తే సర్దుకుంటుంది, ఇవేనా. ఆ రాళ్ళకి ఎవరూ దీపం పెట్టమనలేదే. కడుపులో రాయికున్న గౌరవం తలలో దానికి లేదు. ఒళ్ళు మండింది ఆమెకి, కుర్చీలో కూర్చునే. మండటం బాగుంది. గాజు పలక అవతలనుంచి కాదు, ఇవతలే, ఛాతీలోనే మండింది.

ఫోన్ మోగింది. దామోదర్.

"ఇంకా దొరకలేదు, రౌండ్లు కొడుతున్నా," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, మామూలుగా అంటే ఈమధ్య ఉన్నట్టు, అడుగంటిపోయినట్టు. "ఫారాలు ఫిల్ చేశావా?"

"చేస్తున్నాను."

"అన్నీ నో నే కదా?"

"మీది అయిపోవచ్చింది," అంది. అబద్ధం కాదు.

"చూసుకో అనంతా. ఒక్క టిక్కు. ఒక్క టిక్కుతో అంతా పోతుంది. నీహారిక కాలేజీ కూడా ఆలోచించు." పెట్టేశాడు.

పిల్ల కాలేజీ. సీసాలో పత్తి కుక్కినట్టు ఆ మాట కూడా గొంతులో కుక్కాడు. ఆమె తలెత్తి గదంతా చూసింది, ఎందుకంటే కాగితం చూస్తే కళ్ళు చెమ్మగిల్లేలా ఉన్నాయి. పిల్లల్ని వదిలేసి పెద్దవాళ్ళని లెక్కపెట్టింది. ఇటు పదిహేడు, అటు పద్నాలుగు, నిలబడ్డవాళ్ళు తొమ్మిది, తలుపు దగ్గర ఇద్దరు. నలభై రెండు. పదికొకరంటే నలుగురు. అలా అని నలుగురే ఉండాలని లేదు, ఆ పొరపాటు చేస్తే ఫస్టియర్ పిల్లలకి కూడా మార్కులు కోసేది. ఇద్దరుండొచ్చు, ఏడుగురుండొచ్చు. కాని తను కాక తక్కిన నలభై ఒక్కరిలో ఒక్కరూ లేకపోవడానికి ఎంత అవకాశం. ఫారం వెనక తెల్లగా ఉన్నచోట చిన్నగా వేసింది, సున్నా పాయింటు తొమ్మిదిని దాంతోనే నలభై ఒక్కసార్లు గుణిస్తూ. లాగ్ టేబుల్ లేకుండా వేళ్ళ మీద. ఎనిమిదేళ్ళయింది ఇలాంటి లెక్క వేసి, అయినా దారి తప్పలేదు. నూటికి ఒకటి, కాస్త పైన. అంటే ఇలాంటి గదులు వంద ఉంటే ఒక్కదాంట్లోనే అనంతలక్ష్మి ఒంటరి. తక్కిన తొంభై తొమ్మిదింట్లో కనీసం ఇంకొకరు తనలాగే పదిహేడో గడి మీద గీత లాగుతూ ఉంటారు.

ఎవరు. టీబీ సూది చూపించే ఆయనా, అంత గట్టిగా నవ్వుతున్నాడు. ఆ మూల నీలం చుడీదార్‌లో చంటిపిల్లని భుజాన వేసుకున్నావిడా, పిల్ల ఏడుస్తున్నా వీపు తట్టడం మర్చిపోయి గోడ మీద దంతాల పటం చూస్తోంది. పటం అంత చూడదగ్గదేం కాదు. లేక ఆవిడ రాత్రంతా పిల్లతో మేలుకుని ఉందా, అంతేనా. మొహాలు చూసి చెప్పలేం. తన మొహం చూసి దామోదరే చెప్పలేకపోయాడు, ఆవాల దాకా వస్తే గాని. అయినా ఇక్కడికొచ్చినవాళ్ళంతా ఇస్త్రీ బట్టలేసుకుని, కాటుక పెట్టుకుని, ఇవాళ ఒక్కరోజుకి ఎవరికీ ఏ జబ్బూ లేకుండా వచ్చారు. ఇంత ఆరోగ్యవంతులు ఒకే గదిలో ఇంతమంది దొరకడం ఏ పుస్తకంలోనూ ఉండదు. డేటా చెడిపోయింది, అని బోర్డు మీద రాసేది ఆమె, పిల్లలు సర్వే పేరుతో ఇళ్ళల్లో కూర్చుని నంబర్లు కల్పించి తెచ్చినప్పుడు. ఎర్ర చాక్‌పీస్‌తో రాసేది. అమ్మాయిలూ, తప్పు లెక్క పట్టుకుని ఎంత కష్టపడినా ప్రయోజనం లేదు, మళ్ళీ వెళ్ళి ఇంటింటికీ తిరగండి. సుమతి అనే పిల్ల ఏడ్చింది కూడా. ఏడ్చినా తిప్పి పంపింది. ఆ లెక్చరర్ ఇప్పుడు ఇక్కడ కూర్చుని పదిహేడో గడిలో కల్పించిన అంకె వెయ్యాలట.

ఆమె తన ఫారం పైకి తీసింది. ఒకటో ప్రశ్న చదివింది, నో దగ్గర టిక్కు పెట్టింది. రెండోది చదివింది. మూడోది. పదహారూ అలాగే, ఒక్కోటీ చదివి. పదిహేడు దగ్గర ఎస్ గడిలో టిక్కు పెట్టింది. పెన్ను నొక్కి పెట్టింది, కింద కాగితం మీద కూడా అచ్చు పడేలా. పక్కన ఇచ్చిన గీత మీద మందు పేరు, మోతాదు, ఎప్పటినుంచో రాసింది. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. భూమి కంపించలేదు. టీబీ ఆయన ఇంకా చెయ్యి చూపిస్తూనే ఉన్నాడు.

రేష్మ చూసేసింది. వంగి, గొంతు తగ్గించి, "అక్కా, గట్ల ఎస్ పెడితే కార్డు ఆపెయ్యరా?" అంది.

"ఆపరనే నా డాక్టరు చెప్పింది. మా ఆయన ఆపుతారంటాడు."

"మరి తెల్వకుండనే పెట్టిన్రా?"

"నాకు జబ్బొచ్చిన సంగతి నాకు తెలుసుగా," అంది అనంతలక్ష్మి. "వాళ్ళు అడిగింది అదే."

రేష్మ తన ఒళ్ళో అట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపయ్యాక ఆ చెయ్యి తీసి, పేజీ తిప్పి, మొదటి ప్రశ్న దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టింది, పెదాలు కదుపుతూ.

అనంతలక్ష్మి లేచింది. కిటికీ పక్కన మంచినీళ్ళ యంత్రం ఉంది, కోన్‌లా మడిచిన కాగితం గ్లాసులు. నిన్న డాక్టరమ్మ ఆఫీసుకి ఫోన్ చేస్తే నర్సు కేకలేసింది, ఎవరినీ అడక్కుండా ఎలా ఆపావు, డాక్టర్‌ని కనుక్కుని చెప్తానని, పావుగంటలో తిరిగి ఫోన్ చేసి రేపట్నుంచి మళ్ళీ మొదలుపెట్టమంది. ఇంట్లో దామోదర్ ముందు వేసుకోలేక ఆగింది పొద్దున. ఆగినందుకు ఇప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది. సీసా తీసి, మూత తిప్పి, పత్తి ఉండని రెండు వేళ్ళతో బయటికి లాగింది. కొంచెం పసుపు రంగుకి తిరిగింది, రెండేళ్ళ పత్తి. చెత్తబుట్టలో పడేసింది. ఒక మాత్ర అరచేతిలోకి ఒంపుకుని, తక్కిన నలభై ఒక్క మంది ఎదుట, కిటికీ వెలుతుర్లో నిలబడి మింగింది. ఎదురు కుర్చీలోంచి నీహారిక పుస్తకం పూర్తిగా కిందికి దించి చూసింది. ఈసారి చూడనట్టు చూడలేదు. "గుడ్ జాబ్, అమ్మా," అంది తన వంకర తెలుగులో, అందులో తెలుగు ఉన్నంత మేరకి.

రెండో గ్లాసు నీళ్ళు తాగుతూ కిటికీలోంచి కిందికి చూసింది. కొట్టు వెనక పార్కింగ్ లాట్. చివర్న మేపుల్ చెట్టు కింద వాళ్ళ బూడిద రంగు కారు. సరిగ్గా రెండు గీతల మధ్య, బుద్ధిగా పెట్టిన కారు. పక్కన ఒక స్థలం ఖాళీగా కూడా ఉంది. ఇంజన్ ఆగి ఉంది. లోపల దామోదర్, రెండు చేతులూ స్టీరింగ్ మీద, గడియారంలో పదీ రెండూ అంకెలుండే చోట, డ్రైవింగ్ పరీక్షకి కూర్చున్నవాడిలా, ఎదురుగా ఉన్న గోడ కేసి చూస్తున్నాడు. గోడ మీద ఏమీ లేదు. రౌండ్లు కొడుతున్నా, అన్నాడే. కాగితం గ్లాసు మెత్తబడి వేళ్ళలో నలిగింది. ఆమె అలాగే చూసింది. ఒక నిమిషం. రెండు. అతను చేతులు తియ్యలేదు.

ఎక్కడ చూసింది ఇలా. అపార్ట్‌మెంట్ వంటింటి కిటికీలోంచి. ఆఫీసునించి రాగానే కింద కారు లైట్లు ఆరిపోయేవి, తలుపు మాత్రం తెరుచుకునేది కాదు. అన్నం చల్లారాక పైకి వచ్చి, ట్రాఫిక్, అనేవాడు. ఎంతకాలంగా. చలికాలం నుంచా. అంతకుముందునుంచా. మార్చిలో వరల్డ్ కప్‌లో ఇండియా మొదట్లోనే ఇంటిదారి పట్టినప్పుడు ఊళ్ళో తెలుగువాళ్ళంతా చావింట్లోలా కూర్చుంటే, డిష్ కనెక్షన్ కోసం ప్రాణం పెట్టే మనిషి, అవునా, అని సాక్సులు విప్పుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఏం వండినా సరే. పప్పులో ఉప్పు మర్చిపోయినా సరే, నిజంగానే తెలియనట్టు సరే. చొక్కా మెడ వదులైంది, కొత్త సైజు కొనాలి అనుకుంది గాని ఎందుకు వదులైందని అనుకోలేదు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు. ఏ పని మీదా ఆసక్తి లేకుండా. తిండి సయించకుండా. తొమ్మిది ప్రశ్నలూ ఒకటొకటిగా ఆమె మనసులో లేచాయి, ప్రతిదాని పక్కనా తనే టిక్కు పెడుతూ పోయింది, దాదాపు ప్రతిరోజూ, దాదాపు ప్రతిరోజూ. ఒక్క టిక్కుతో అంతా పోతుంది అనంతా. ఆ మాట తన జబ్బు గురించే అనుకుంది ఇంతసేపూ. గదిలో ఇంకొకరి కోసం మొహాలన్నీ వెతికింది, లెక్కలు వేసింది, నలభై రెండు అని. మనిషి గదిలోకే రాలేదు.

కోపం పోలేదు, విచిత్రం. జాలి వస్తే కోపం పోతుందనుకునేది. రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉన్నాయి. తను మందు మింగుతుంటే పదిహేను రోజులు ఆపమన్నవాడు, అసలు మందే లేకుండా ఎన్ని నెలలు ఆ గోడ చూస్తూ కూర్చున్నాడు. తను ఆవాలు పట్టుకుని నిలబడితే గుప్పిట విప్పడానికి పిల్ల ఉంది. ఇతని గుప్పిట స్టీరింగ్ చుట్టూ ఉంది.

కుర్చీ దగ్గరికి వచ్చి దామోదర్ అట్ట తీసుకుంది. నో వరసలో ఒక్కొక్కటే చదివి, తనకి ఖచ్చితంగా తెలిసినవి టిక్కు పెట్టింది. పదిహేడు వదిలేసింది. పదిహేనేళ్ళలో అతని ఫారంలో ఆమె ఖాళీ వదిలిన మొదటి గడి.

"నీహా, కుర్చీలు చూస్తూ ఉండు. నాన్నని తీసుకొస్తాను."

"పేరు పిలిస్తే?"

"వస్తున్నారని చెప్పు. తొందరుంటే వేరేవాళ్ళని పిలుచుకోమను."

మెట్లు దిగుతుంటే బ్యాగ్‌లో సీసా గలగలమంది. మెట్ల మీద కూర్చున్నవాళ్ళు దారి ఇస్తూ తలెత్తి చూశారు. చూడనీ. అడుగు వేసినప్పుడల్లా మోగనీ. లాట్‌లో ఎండ ఫెళ్ళున కాస్తోంది, తారు మెత్తగా అంటుకుంటోంది చెప్పులకి. కారు పక్క తలుపు తెరిచి కూర్చునేదాకా అతను తల తిప్పలేదు. లోపల ఏసీ లేదు, కొలిమిలా ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"ఇప్పుడే దొరికింది," అన్నాడు.

ఆమె తలెత్తి పైన కిటికీ కేసి చూసింది.

"ఎంతసేపట్నుంచి చూస్తున్నావు?" అన్నాడు, అటు చూసి.

"ఇవాళే చూశాను. చాలా రోజుల క్రితం చూడాల్సింది."

అతను స్టీరింగ్ కేసి చూసుకున్నాడు. "నువ్వు ఎస్ పెట్టావా?"

"పెట్టాను. మందు పేరు కూడా రాశాను."

"కార్డ్ రాకపోతే అనంతా?"

"అందుకు రాకపోదు. ఒకవేళ రాకపోతే ఒంగోల్లో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటాను, మీరు వంట చేద్దురుగాని." అట్ట తీసి స్టీరింగ్ మీద, అతని చేతుల మధ్య పెట్టింది. "మీది అంతా నింపాను. ఒక్కటి మీరే చదివి పెట్టండి."

అతను చదివాడు. గొంతులో కొంచెం, పెదాల మీద కొంచెం. మీరు ఎప్పుడైనా డిప్రెషన్‌కి గానీ. అక్కడ ఆగాడు. పైన కిటికీలోంచి ఎవరి పేరో పిలుస్తున్నారు, తెలుగు పేరు, పలకలేక మూడుసార్లు విరిచి పిలుస్తున్నారు. అతని కింది పెదవి పక్కన చిన్న కండరం ఒకటి అదిరింది. పదిహేనేళ్ళలో ఆ కండరం అక్కడ ఉందని ఆమెకి తెలీదు.

"చికిత్స పొందారా అని కదా అడుగుతున్నాడు," అన్నాడు చివరికి. "పొందలేదు. నో నే కదా?"

"అవును. నో నే," అంది ఆమె. "ఇవాళ్టికి నో. సోమవారం పొద్దున మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పండి, ఒంట్లో బాలేదని. జలుబని చెప్పకండి."

దారం చివర పెన్ను అతని వేళ్ళలో పెట్టింది. అతను గీత లాగలేదు. నో వరసలో పదిహేడో గడిలో, ఒక్క గడిలోనే, చిన్న టిక్కు పెట్టాడు. పెట్టాక పెన్ను వదలకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు, ఆమె అటు వంగి తాళంచెవి తీసి, అతని వైపు తలుపు తెరిచేదాకా.